మార్కస్ ఓసల్లివన్ కెరీర్ రివ్యూ: 101 సార్లు అంటే మాటలా?

అందరికీ నమస్తే. ఈసారి ఫోనూ కాదు, సినిమా కాదు, ఒక మనిషి కెరీర్‌ని రివ్యూ చేద్దాం. మార్కస్ ఓసల్లివన్. ఐర్లండ్‌లోని కార్క్ ఆయన సొంతూరు, పుట్టింది 1961లో.

ముందు ఒక అంకె చెప్తాను: 101. మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు ఆయన అన్నిసార్లు పరిగెత్తారు. అంటే గంటకు 24 కిలోమీటర్ల స్పీడు. మా జిమ్‌లో ట్రెడ్‌మిల్ 16 దాటదు. అందులో నేను 12 పెడితేనే పక్కనున్న అంకుల్ "బాబూ, ఒంట్లో బాగానే ఉందా" అని అడిగారు.

ఆయన అసలు అడ్డా ఇండోర్ ట్రాక్. న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఇండోర్ స్టేడియం ఉంది కదా, అక్కడ మిల్‌రోజ్ గేమ్స్ అనే ఇండోర్ అథ్లెటిక్స్ పోటీల కోసం చెక్కలతో ట్రాక్ పరిచేవారు. ఎంత చిన్నదంటే, మైలు పూర్తవ్వాలంటే 11 రౌండ్లు కొట్టాలి. నాలుగు నిమిషాల లోపు రావాలంటే రౌండుకి 22 సెకన్లు కూడా దొరకవు. ఇలా స్పీడు అందుకుంటారో లేదో, అలా మలుపు వచ్చేస్తుంది. పక్కవాడి మోచెయ్యి డొక్కలో తగులుతుంటే, కింద చెక్క దడదడమంటుంది. అక్కడ ఆయన రాజా అండీ. ప్రపంచ ఇండోర్ పోటీల్లో 1500 మీటర్ల బంగారు పతకం మూడుసార్లు: 1987లో ఇండియానాపొలిస్, 1989లో బుడాపెస్ట్, 1993లో టొరంటో. మూడోసారి గెలిచేసరికి వయసు 31.

మరి మైనస్? ఉంది, దాచను. నాలుగు ఒలింపిక్స్‌కి వెళ్లి ఒక్క పతకమూ తేలేదు. 1988 సియోల్ ఫైనల్లో ఎనిమిదో స్థానం. పైకప్పు తీసేస్తే ఆ మ్యాజిక్ కాస్త తగ్గేది, అంతే.

1998లో కోచ్ అయ్యారు. ఎక్కడో కాదు, తను చదువుకున్న విలనోవా యూనివర్సిటీలోనే, ఫిలడెల్ఫియా పక్కన. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్లు గెలిచిన ఐర్లండ్ రన్నర్ రాన్ డెలానీ చదివింది కూడా అక్కడే. ఆ కుర్చీకి ఉన్న బరువు మామూలుది కాదు.

ఆయన శిష్యుల్లో నాకు నచ్చినవాడు ఆస్ట్రేలియా కుర్రాడు పాట్రిక్ టియర్నన్. 2015లో అమెరికా కాలేజీల క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా గడ్డి, మట్టి దారుల్లో పరిగెత్తే రేసు) ఫైనల్లో ఎడ్వర్డ్ చెసెరెక్ వెనకాల రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. చెసెరెక్‌కి అది వరసగా మూడో టైటిల్. మరుసటి ఏడాది అమెరికాలోని టెర్రె హోట్ ఊళ్లో మళ్లీ అదే 10 కిలోమీటర్లు, మళ్లీ అదే చెసెరెక్. ఈసారి చివరి స్ప్రింట్ దాకా ఆగకుండా ముందే లాగేసి టియర్నన్ గెలిచేశాడు.

నా రేటింగ్: రన్నర్‌గా 5కి 4, ఒలింపిక్స్‌కి ఒకటి కోత. కోచ్‌గా నాలుగున్నర. తక్కువిచ్చాననుకుంటే కామెంట్లలో తిట్టండి, చదువుతాను.