పిందె రాలింది ఎవరి కన్ను తగిలి?

అధ్యక్షులకు, మిద్దె తోటల మిత్రులకు నమస్కారం. పెరటి సాగులోని అపోహలన్నిటినీ ఇరవై నిమిషాలలో చెప్పమన్నారు కనుక మర్యాద వాక్యాలను ఇంతటితో ముగిస్తున్నాను.

ముందుగా కుండీ సంగతి. అడుగున రాళ్లు పరిస్తే నీరు త్వరగా దిగిపోతుందని నమ్మి నేనూ పదేళ్లు పరిచాను. సన్నని మట్టి పూర్తిగా నానేదాకా అందులోని నీరు రాళ్ల మధ్య ఉన్న పెద్ద సందులలోకి దిగదు కనుక, వేరు కుళ్లే తడి భాగం పైకి జరుగుతుందే తప్ప తగ్గదు. రంధ్రం మూసుకోకుండా ఒక్క పెంకు చాలు. టమాటా కాయ అడుగు నల్లబడితే వేసే కోడిగుడ్డు పెంకులదీ ఇదే తీరు: ఆ సున్నం కరగడానికి చాలా కాలం పడుతుంది, పైగా మట్టిలో కాల్షియం ఉన్నా, ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తితే అది కాయదాకా చేరదు.

మూడవది పిందె. నిజానికి ఈ ఒక్కదాని కోసమే నేను ఈ సభకు ఒప్పుకున్నాను.

మా మేనత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకొని మా ఇంటనే ఉండేది. పెరటి పందిరి మీది ఆనపపాదు, మీలో కొందరు సొర అంటారు, బొటనవేలంత పిందెలు వేసి, అవి పసుపెక్కి రాలిపోయేవి. వేలు చూపితే పిందె నిలవదని నాయనమ్మ పిల్లలమైన మమ్మల్ని అదిలించేది. మాకు అదిలింపుతో సరిపోయింది. అత్తయ్యను మాత్రం పందిరి వైపే రావద్దన్నారు. రెండేళ్లపాటు ఆమె బిందె పట్టుకొని ఇంటి చుట్టూ తిరిగి బావికి వెళ్లింది.

ఆనప, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. రాత్రి తిరిగే రెక్కల పురుగులు మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చకపోతే పిందె రాలుతుంది. మిద్దెల మీద ఆ పురుగుల రాక మరీ తక్కువ. కనుక దీపాలు పెట్టే వేళకు, ఉత్త కాడ మీద పూసిన మగపువ్వును కోసి, రేకులు తీసి, కింద పిందె ఉన్న ఆడపువ్వు నడుమ మెల్లగా తాకించండి. గుమ్మడికి, కాకరకు ఈ పని తెల్లవారగానే చేయాలి. మొదట్లో మగపూలే వచ్చి రాలిపోతే గొడ్డుపాదని పీకేయకండి. తాకించిన తరువాతా పిందె కుళ్లితే పండు ఈగ పొడిచిన సన్నని గాటు కోసం వెతకండి. అటువంటి పిందెలను పాదు కింద వదలక సంచిలో బిగించి పారేయండి.

పాదుకు పాత చెప్పు కట్టినవారిని చేతులెత్తమని అడగను. చెప్పు వల్ల నష్టం లేదు, కట్టుకోండి. మీ ఇంట ఎవరినైనా పాదు దగ్గరికి రావద్దన్నారా? అదొక్కటే అడుగుతున్నాను.

డెబ్బై దాటిన తరువాత అత్తయ్య నగరంలో మా ఇంటికి వచ్చింది. ఒక సాయంత్రం మిద్దె మీద ఆమె చేతికి మగపువ్వునిచ్చి ఆడపువ్వుకు తాకించమన్నాను. చాలాసేపు తటపటాయించి తాకించింది. పిందె నిలిచింది, కాయ దిగింది. కోయమంటే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె కోయలేదు, నేనూ కోయలేదు. అది పాదునే ముదిరి, ఎండి, గలగలమంది.

ఆ కాయ సంతతి గింజలే ద్వారం పక్కన బల్ల మీద పొట్లాలు కట్టి ఉంచాను. వెళ్లేటప్పుడు తలా నాలుగు గింజలు తీసుకోండి.