ఏడు చుక్కలు, నాలుగు వరకు

శ్రోతలకు నమస్కారం.

ధనుర్మాసంలో మా గోదావరి వైపు ఏ వీధిలోకి వెళ్లినా ఒక మాట వినిపిస్తుంది: "ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు." ముగ్గు తెలిసిన చేతికి అంతకు మించి చెప్పనక్కరలేదు. నడుమ వరుసలో ఏడు చుక్కలు. దాని పైనా కిందా, సందుకొకటి చొప్పున ఆరేసి. ఆపైన అయిదేసి, చివరికి నాలుగేసి.

వసిష్ఠ గోదావరి ఒడ్డున ఒక ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. తెల్లవారుజామున వాకిట్లో ఈ ముగ్గే పెట్టి, బడికి వెళ్లి నల్లబల్ల మీద "2, 4, 6, తర్వాత ఏమిటి?" అని రాసేదాన్ని. పిల్లలు ఎనిమిది అనేవారు, నేను శభాష్ అనేదాన్ని. ఎనిమిదే ఎందుకని వాళ్లు అడగలేదు, నేనూ అడగలేదు.

ఒక ఏడాది నాలుగో తరగతి వాళ్లను వరండాలో కూర్చోబెట్టాను. ముగ్గుపిండి అనగానే మగపిల్లలు మొహం తిప్పుకున్నారు. సరే, కిళ్లీకొట్ల దగ్గర కూల్‌డ్రింకు సీసాల మూతలు ఏరుకు రమ్మన్నాను. దానికి అందరూ పరుగే. నేల మీద ఒక మూత పెట్టి, దాన్ని తాకేలా చుట్టూ మూతలు పేర్చమన్నాను. సరిగ్గా ఆరు పట్టాయి. అయిదైతే సందు మిగులుతుంది, ఏడోది ఇమడదు. ఆ ఆరింటి చుట్టూ ఇంకో చుట్టు వేస్తే ఎన్ని కావాలి? పేర్చే ముందే అంచనా పలక మీద రాయమన్నాను. ఇది మాత్రం మానకూడదు. అంచనా రాసిన పిల్లవాడికే ఫలితం మీద ఆత్రం ఉంటుంది. ఎక్కువమంది మళ్లీ ఆరే రాశారు. పన్నెండు పట్టాయి. మూడో చుట్టుకు పద్దెనిమిది. వెనక కూర్చున్న పిల్లవాడొకడు "ఆరో ఎక్కం!" అని అరిచాడు.

కాగితం దగ్గరుంటే మీరూ రాసుకోండి. ఒకటి, ఆరు, పన్నెండు, పద్దెనిమిది కలిపితే 37. ఇప్పుడు మన ముగ్గును పై వరుస నుంచి లెక్కపెట్టండి. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, మళ్లీ ఆరు, అయిదు, నాలుగు. అదీ 37. పిల్లలు నమ్మక రెండుసార్లు లెక్కపెట్టారు. ముగ్గు ఒకటే. అడ్డంగా చూస్తే ఒక వరుసక్రమం, నడిమి చుక్క నుంచి చుట్టూ చూస్తే మరొకటి. చుట్టు చుట్టుకూ ఆరే ఎందుకు పెరుగుతుందో కూడా మూతలే చూపించాయి. ఆ ఆకారానికి ఆరు పక్కలు. చుట్టు పెరిగినప్పుడల్లా ఒక్కో పక్కకు ఒక్కో మూత ఎక్కువ పడుతుంది.

ఇలాంటి పనికి రంగు కాగితాలూ థర్మోకోలూ అక్కరలేదు. ప్రాజెక్టు పేరిట తల్లిదండ్రులు రాత్రంతా మేలుకుని అతికించి పంపేవాటిలో పిల్లల చెయ్యి ఎంతో, లెక్క ఎంతో నాకు అనుమానమే.

ఆ వారంలోనే ఒక అమ్మాయి ఇంట్లో అల్లిన లేసు చక్రం పట్టుకొచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు నేర్పిన ఈ అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటి పనైంది. సరుకు సముద్రాలు దాటింది కానీ అల్లిన చేతికి దక్కింది తక్కువే. ఆ అమ్మాయి మామ్మను బడికి పిలిచాను. ఆవిడ బల్ల మీద కూర్చోనని, నేల మీదే కూర్చుని సూది తీశారు. "మొదటి వరుసకు ఆరు కుట్లు, పంతులమ్మ గారూ. తర్వాత వరుసకు ఆరేసి పెంచుకుంటూ పోవాలి. అప్పుడే పళ్లెంలా పరుచుకుంటుంది." ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇది పొట్టి కుట్టు లెక్క అనీ, పొడుగు కుట్టు వేస్తే వరుసకు పన్నెండు పెంచాలనీ ఆవిడే చెప్పారు. కుట్టు ఎత్తు పెరిగితే చుట్టుకొలత మరింత పెరగాలి కదా.

లావుపాటి ఊలుతో పిల్లలూ మొదలుపెట్టారు. చేతులు కుదరడానికే నాలుగు రోజులు పట్టింది. ఒకడు పెంచడం మరిచిపోయాడు, అంచులు పైకి లేచి టోపీ అయింది. ఇంకో పిల్ల హుషారుగా ప్రతి కుట్టులోనూ రెండేసి వేసుకుంటూ పోయింది. నాలుగో వరుసకు దాని చక్రం ముడతలు ముడతలుగా, అచ్చం కోడిజుట్టు పువ్వులా తయారైంది. ఏడుపు మొహం పెట్టింది. తప్పేమీ లేదు, నీ లెక్క చెప్పు అన్నాను. ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, నలభై ఎనిమిది. దాన్ని పళ్లెం లెక్క కింద నల్లబల్ల మీద రాశాను. రెండు వరుసల్లోనూ మొదటి రెండు అంకెలు ఒకటే. మూడో దగ్గర దారులు వేరయ్యాయి.

కొన్నాళ్ల తర్వాత పాత అలవాటు కొద్దీ నల్లబల్ల మీద "2, 4" అని రాసి, తర్వాత ఏమిటని అడిగాను. జవాబుకు బదులు ఆ పిల్లే లేచి నన్ను అడిగింది:

"పళ్లెమా, కోడిజుట్టా, టీచర్?"

నమస్కారం.