రాగిరేకు మీద దొర ముఖం

అందరికీ నమస్కారం.

వారెన్ హేస్టింగ్స్ బొమ్మను చరిత్ర పుస్తకంలో చూడనివాళ్లు మనలో తక్కువ. ఫొటోలు లేని ఆ రోజుల్లో దొరల ముఖాలు జనంలోకి వెళ్లింది రాగిరేకుల వల్లే. చిత్రకారుడు వేసిన రంగుల బొమ్మ ఒక్క గోడకే పరిమితం. దాన్ని రాగిరేకు మీద చెక్కి కాగితాల మీద అచ్చు వేస్తే వందమంది ఇళ్లకు చేరుతుంది.

ఈ పనిలో మెజోటింట్ అనే పద్ధతి ఉంది. కాస్త వివరంగా చెబుతాను, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. ముందు పళ్లున్న పనిముట్టుతో రేకునంతా గరుకు చేస్తారు. అలాగే సిరా పూసి అచ్చు వేస్తే కాగితమంతా కటిక నలుపు. వెలుగు కావాల్సిన చోట మాత్రం గీకి నునుపు చేస్తారు. అంటే ఎవరి ముఖం వెలగాలి, ఎవరు చీకట్లో ఉండిపోవాలి అన్నది ముందే తేల్చుకుని చేసే పని. 1792లో టిప్పు సుల్తాన్ కొడుకులిద్దరిని బందీలుగా తీసుకున్న గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్, అచ్చుబొమ్మల్లో మాత్రం పిల్లల్ని దగ్గరకు తీసుకునే పెద్దమనిషిలా కనిపిస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

హేస్టింగ్స్ బొమ్మను జాషువా రేనాల్డ్స్ 1766-68 మధ్య వేశాడు. అప్పుడు హేస్టింగ్స్ ఇండియా వదిలి ఇంగ్లండ్‌లో ఉన్నాడు, చేతిలో పదవి లేదు. థామస్ వాట్సన్ దాన్ని చెక్కి అచ్చు వేసిన 1777 నాటికి ఆయన గవర్నర్ జనరల్. ముఖం పాతదే. కుర్చీ వచ్చాకే దానికి కాపీలు కావలసి వచ్చాయి.

సరిగ్గా ఆ కాలంలోనే మన విశాఖపట్నంలో ఇంకో చెక్కుడు పని జరిగేది. చెక్క సామాను మీద ఏనుగు దంతం రేకులు తాపి, పూలూ తీగలూ సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. కొనేవాళ్లలో కంపెనీ దొరలు ముందుండేవారు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న ఇలాంటి కుర్చీలను, ఆయన పోయాక 1781లో ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్ కొన్నాడు. ఇప్పటికీ అవి అక్కడి రాజకుటుంబం సేకరణలోనే ఉన్నాయి.

ఈ బల్ల మీద ఆ కుర్చీల ఫొటో, హేస్టింగ్స్ అచ్చుబొమ్మ నకలు పక్కపక్కనే పెట్టాను. దగ్గరికొచ్చి చూడండి. లండన్ అచ్చుబొమ్మల కింద ఒక మూల చిత్రకారుడి పేరు, ఇంకో మూల చెక్కినవాడి పేరు వేయడం అక్కడి ఆనవాయితీ. తర్వాత మన దంతపు తీగను చూడండి, ఎక్కడా చెయ్యి వణకలేదు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పే పేరు మాత్రం మనకు మిగల్లేదు.