మొక్క పీకిన రోజే వేరు చూడాలి: కూరగాయ తోటల్లో నులిపురుగు

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

టమాట తోటలో మధ్యాహ్నం పన్నెండు దాటగానే కొన్ని మొక్కలు తలలు వాలుస్తాయి. సాయంత్రానికి మళ్లీ లేస్తాయి. డ్రిప్పు వదిలి చూస్తే నేలలో పదును ఉండనే ఉంటుంది. ఆకు పాలిపోయిందని యూరియా వేస్తాం. పది రోజులు పచ్చబడి మళ్లీ మొదటికొస్తుంది. ఎండుతెగులేమోనని మొదళ్లలో మందు పోస్తాం. ఇన్ని ఖర్చులు పెట్టినా, ఆ వాలిన మొక్కను తవ్వి వేరు చూసే పని మాత్రం చాలామంది చేయరు.

తోటంతా ఒకేలా కాకుండా అక్కడక్కడ గుంపులు గుంపులుగా మొక్కలు గిడసబారితే ముందు వేరునే అనుమానించాలి. మొక్కను పట్టుకుని లాగితే సన్నవేళ్లు తెగి నేలలోనే ఉండిపోతాయి, మనం చూడవలసిందేమో వాటినే. మొదలుకు జానెడు దూరంలో పార దింపి, మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగండి. దారానికి పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటే అది వేరు బుడిపెల నులిపురుగు. టమాట, వంగ, బెండ, దోస, కాకర, క్యారెట్, చిక్కుడు అన్నిటికీ వస్తుంది. చిక్కుడు జాతిలో ఒక జాగ్రత్త ఉంది. వాటికి నత్రజని స్థిరీకరించే మంచి బుడిపెలు కూడా ఉంటాయి. అవి వేరు పక్కన అతుక్కుని ఉంటాయి, గోటితో నెడితే ఊడతాయి, చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నులిపురుగు బుడిపె అలా ఊడదు, ఎందుకంటే అక్కడ ఉబ్బింది అసలు వేరు తానే.

కొందరు మట్టిలో దొరికిన తెల్లటి పురుగును డబ్బాలో వేసుకొచ్చి చూపిస్తారు. కంటికి కనిపించి పాకేది ఏదైనా సరే, అది ఇది కాదు. వేరులోకి దూరే పిల్లపురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అది లేత వేరు కొనలోంచి లోపలికెళ్లి ఒకచోట స్థిరపడుతుంది. దాని ఉమ్మి తగిలిన వేరుకణాలు మామూలు కంటే ఎన్నో రెట్లు పెద్దవై దానికి మేతగా మారతాయి. నీళ్లు, పోషకాలు పైకి మోసే గొట్టాలు అక్కడే నలిగిపోతాయి కాబట్టే తడి ఉన్నా మొక్క వాలుతుంది. ఆడపురుగు బేరిపండు ఆకారంలో ఉబ్బి, జిగురు సంచిలో 200 నుంచి 500 దాకా గుడ్లు పెడుతుంది. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఇన్‌కాగ్నిటా, జవానికా రకాల్లో గుడ్లకు మగపురుగుతో పనే లేదు. నేల వెచ్చగా ఉంటే 25 నుంచి 30 రోజులకు ఒక తరం. నాలుగు నెలల టమాటలో నాలుగు తరాలు.

దీన్ని పొట్టలో నులిపురుగుల్లా ఒక్క మాత్రతో దులిపేయవచ్చని అనుకుంటే మోసపోతాం. గుడ్లు జిగురులో, ఆడపురుగు వేరులో దాక్కుని ఉంటాయి. మందుకు దొరికేది మట్టిలో తిరిగే పిల్లపురుగు మాత్రమే. అందుకే నాటిన తర్వాత కన్నా నాటక ముందు చేసే పనికే ఫలితం ఎక్కువ.

బుడిపెలు లేకపోతే నులిపురుగు లేదనీ చెప్పలేం. మూత్రపిండం ఆకారంలో ఉండే ఇంకో రకం వేరును ఉబ్బించదు, సన్నవేళ్లను తగ్గించేస్తుంది. ఆముదం, పత్తి వేసిన పొలాల్లో కూరగాయలు పెడితే దీన్ని మరిచిపోకూడదు. ఇది తేలాలంటే ప్రయోగశాల పరీక్షే దారి.

బుడిపె వేసిన వేరు మిగతా రోగాలకూ తలుపు తీస్తుంది. టమాట, వంగలో బ్యాక్టీరియా ఎండుతెగులు, ఫ్యుజేరియం ఎండుతెగులు నులిపురుగున్న నేలలో బాగా ముదురుతాయి. ఎండుతెగులును తట్టుకునే రకమని కొన్న విత్తనం పొలంలో చేతులెత్తేస్తే, విత్తనాన్ని తిట్టే ముందు వేరు కడిగి చూడండి.

ఇక ఇది ఎలా వస్తుందంటే, తనంతట తాను ఏడాదికి మీటరు దూరం కూడా పోలేదు. మోసుకొచ్చేది మనమే. నారు వేళ్లతో, ట్రాక్టరు గొర్రుకు అంటిన మట్టితో, పక్క పొలం నుంచి పారిన నీళ్లతో వస్తుంది. వీటిలో నారే ముఖ్యం. మట్టి మడిలో పెంచిన నారు కొంటుంటే, కట్టలో పది మొక్కల వేళ్లు కడిగి చూసి, ఒక్కదానికి బుడిపె కనిపించినా కట్టంతా వెనక్కిచ్చేయండి. శుభ్రమైన కొబ్బరిపొట్టుతో ట్రేలలో పెంచిన నారు మేలు, కానీ ఆ ట్రేలు నేల మీద పెడితే వేళ్లు కిందికి దిగి మట్టి నుంచే పురుగును తెచ్చుకుంటాయి. ట్రేలను బల్లల మీదో, షీటు మీదో ఉంచాలి. మడిలోనే పెంచక తప్పకపోతే చదరపు మీటరుకు పర్‌ప్యూరియోసిలియం లిలాసినం పొడి 50 గ్రాములు మట్టిలో కలపండి. పాత పేరు పేసిలోమైసిస్, దుకాణాల్లో ఆ పేరే ఎక్కువ వినిపిస్తుంది. ఇది గుడ్లను తినే శిలీంధ్రం.

ఏప్రిల్, మే ఎండలు మనకు ఉచితంగా దొరికే మందు. పది, పదిహేను రోజుల ఎడంతో రెండు మూడు సార్లు లోతుగా దున్నితే పిల్లపురుగులు ఎండి చస్తాయి. నారుమళ్లకు, పాలీహౌస్‌కు అయితే సోలరైజేషన్, అంటే షీటు కప్పి ఎండ వేడితో నేలను కాగబెట్టడం, చేయవచ్చు. నేలను మెత్తగా దున్ని, గడ్డలు లేకుండా చదును చేసి, బాగా తడిపి, 25 మైక్రాన్ల, అంటే 100 గేజి, తెల్లటి పారదర్శక షీటు కప్పి, అంచులు జానెడు లోతున మట్టిలో పూడ్చి 4 నుంచి 6 వారాలు ఉంచాలి. ఇక్కడ మూడు తప్పులు జరుగుతుంటాయి. చేతిలో ఉందని నల్ల మల్చింగు షీటు కప్పుతారు. అది ఎండను తానే పీల్చుకుని నేలకు అంత వేడి అందనివ్వదు. తడపకుండా కప్పుతారు. పొడి మట్టిలో వేడి లోతుకు దిగదు. షీటు తీశాక మళ్లీ లోతుగా దున్ని, కింద బతికున్న పురుగును పైకి తెస్తారు. తీశాక పైపైన గీరి నాటుకోవడమే.

పంట మార్పిడి అంటే టమాట తర్వాత వంగ, వంగ తర్వాత బెండ కాదు. ఆ పురుగుకు మూడూ మేతే. కాలువ కింద ఉన్నవారు నీరు నిలిపి దమ్ము చేసి ఒక పంట వరి వేస్తే కూరగాయల నులిపురుగు బాగా తగ్గుతుంది. ఆరుతడి వరికి ఆ ఫలితం రాదు. మెట్టవారికి జనుము మంచిది. దాని వేళ్లలోకి పిల్లపురుగు దూరినా ఎదగలేదు. పూత దశలో, 45 రోజులకు కలియదున్నాలి. బంతి కూడా పనిచేస్తుంది, కాకపోతే పొలమంతా రెండు మూడు నెలలు బంతే ఉండాలి. గట్టున ఒక వరుస వేసి నులిపురుగు పోయిందనడం పూలకు సరే, వేరుకు సరిపోదు. ఏ పంట మార్చినా కామంచి, గంగపాయిలి, అడవి తోటకూర మిగిలితే పురుగుకు మేత దొరికినట్టే.

వేపపిండి ఎకరాకు 200 నుంచి 250 కిలోలు, నాటడానికి రెండు మూడు వారాల ముందు వేసి తడి ఇవ్వాలి. అది కుళ్లేటప్పుడు వచ్చే పదార్థాలే పురుగు మీద పనిచేస్తాయి కాబట్టి పొడి నేలలో వేస్తే డబ్బు దండగ. నారుమడికి చెప్పిన, గుడ్లను తినే శిలీంధ్రాన్నే మాగిన పశువుల ఎరువులో టన్నుకు 2 కిలోల చొప్పున కలిపి, నీడలో తడి ఆరకుండా గోనెసంచి కప్పి 15 రోజులు వృద్ధి చేసి, నాటే సాళ్లలో వేయండి. ఆ వెంటనే మొదళ్లలో కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పోస్తే, మీరు పెంచిన శిలీంధ్రాన్ని మీరే చంపుకున్నట్టు.

ఇక గుళికల మందుల సంగతి. ఫోరేట్ 2020 చివరితో నిషేధమైంది. కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం ఎన్‌క్యాప్సులేటెడ్ (పైపూత ఉన్న) గుళికలు తప్ప మిగతావన్నీ 2023లో కేంద్రం ఆపేసింది. మిగిలినది కూడా లేబుల్ మీద ఉన్న పంటకే. పాత నిల్వ చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు. ఫ్లూయోపైరామ్, ఫ్లూయెన్‌సల్ఫోన్ లాంటి కొత్త మందులున్నాయి. ఖరీదైనవి, కాబట్టి లేబుల్‌లో మీ పంట ఉందో లేదో, ఎప్పుడు, ఎంత వేయాలో చదివాకే కొనండి. తోట సగం వయసులో బుడిపెలు నిండాక పోస్తే మిగిలేది బిల్లే.

తట్టుకునే టమాట రకాల్లో చాలావాటికి ఉన్నది 'ఎంఐ' అనే ఒకే జన్యువు. నేల వేడి 28 డిగ్రీలు దాటితే అది సరిగా పనిచేయదు. చలికాలంలో బాగా నిలిచిన రకం వేసవి టమాటలో బుడిపెలేయడానికి కారణమిదే. వంగకు ఉస్తికాయ మొక్క వేరు మీద అంటు కట్టిన నారు దొరికితే ఆలోచించదగ్గదే. నాటేటప్పుడు అంటు అతుకు మట్టికి పైనే ఉండాలి. పూడ్చితే పై కొమ్మ సొంత వేళ్లు వేస్తుంది, అంటు కట్టి లాభం ఉండదు.

చివరి కోత అయ్యాక అసలు లెక్క. పొలంలో వంకరటింకరగా నడుస్తూ పది మొక్కలు తవ్వి ఒక్కో వేరుకు బుడిపెలు లెక్కపెట్టండి. ఏమీ లేకపోతే సున్నా, 1-2 ఉంటే ఒకటి, 3-10కి రెండు, 11-30కి మూడు, 31-100కి నాలుగు, వంద దాటితే ఐదు. సగటు మూడు దాటిన మడిలో వచ్చే పంటకాలంలో కూరగాయ వద్దు. ఆ వేళ్లను పెంటకుప్పలో వేయకుండా ఎండబెట్టి కాల్చండి.

కొత్తగా కౌలుకు తీసుకున్న నేలయితే ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. పది పదిహేను చోట్ల పైమట్టి గీకేసి, జానెడు లోతు మట్టి తీసి కలిపి, కుండీల్లో దోస గింజలు వేసి, నెలకు వేరు కడిగి చూడండి. ప్రయోగశాలకైతే అదే మట్టి పావుకిలో, సన్నవేళ్లు పది గ్రాములు పాలిథిన్ సంచిలో మూటగట్టి నీడలో తీసుకెళ్లండి. ఎండబెట్టినా, కారు డిక్కీలో వేడికి ఉంచినా పురుగు దారిలోనే చస్తుంది, పొలం బాగుందని తప్పుడు ఫలితం వస్తుంది. సంచి మీద తేదీ, ఇంతకుముందు పంట, ఇప్పుడు వేయబోయే పంట పెన్సిల్‌తో రాసిన చీటీ కట్టండి. పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది.