షవర్లో నీళ్ళు సన్నగా వస్తన్నాయా? పంపు కొనే ముందు ఒకసారి మేడెక్కండి

(బాత్రూం. పైన పెద్ద రెయిన్ షవర్, చుక్కలు చుక్కలుగా నీళ్ళు)

చూస్తన్నారుగా, ఇది ఒంగోల్లో మా బావ వాళ్ళ కొత్త ఇల్లు. గోడలకి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు, పైన పళ్ళెమంత షవరు, తిప్పితే మాత్రం వానాకాలం చూరు కారినట్టు కారతా ఉంది. నన్ను పిలిచేలోపే ప్రెషర్ పంపు కూడా కొనుక్కొచ్చి పెట్టుకున్నాడు. "బావా ఆగు, ఆ బాక్సు చించమాక, ముందు పైకి పోదాం పద" అన్నా.

(మేడ మీద ట్యాంకు)

చాలామంది ట్యాంకు పెద్దదైతే ఫోర్సు ఎక్కువ వస్తదనుకుంటారు. కాదు. ట్యాంకులో నీళ్ళ మట్టం నుంచి మీ కుళాయి దాకా నిలువుగా ఎంత ఎత్తుందో అదే ప్రెషరు, 500 లీటర్లదైనా 2000 లీటర్లదైనా ఎత్తు ఒకటైతే ప్రెషరూ ఒకటే. ప్రెషర్ని బార్లలో కొలుస్తారు, 33 అడుగుల ఎత్తుకి సుమారు 1 బార్ వస్తది. ఇక్కడ ట్యాంకు 2 అడుగుల దిమ్మె మీద ఉంది, షవరేమో శ్లాబుకి 3 అడుగుల కింద, ట్యాంకులో నీళ్ళు ఇంకో 3 అడుగులు, అన్నీ కలిపినా 8 అడుగులు, అంటే పావు బార్ కూడా లేదు. అందుకే చాలా ఇళ్ళల్లో కింద పోర్షన్లో అద్దెకున్నోళ్ళకి బ్రహ్మాండంగా వస్తా ఉంటే ఓనరు పైన బకెట్టు పట్టుకోని నిలబడి ఉంటాడు.

ట్యాంకు ఎత్తు పెంచొచ్చు, కానీ 1000 లీటర్లంటే నీళ్ళే ఒక టన్ను, ఎక్కడ పడితే అక్కడ ఇటుకలు పేర్చి పెట్టమాకండి, కింద పిల్లరో బీమో ఉండాల్సిందే.

(బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్)

సరే, ఎత్తు తక్కువే, ఒప్పుకుంటా, కానీ బకెట్టు కుళాయి షవరు కన్నా 4 అడుగులు కిందుంది, అదన్నా బాగా రావాలి కదా, 20 లీటర్ల బకెట్టు పెట్టి టైం చూస్తే 4 నిమిషాలు పట్టింది, అంటే నిమిషానికి 5 లీటర్లే, అప్పుడే నాకు అనుమానం వచ్చింది ఎక్కడో దారిలోనే నీళ్ళు ఆగిపోతా ఉన్నాయని.

మీ ఇంట్లో కూడా ఇట్టానే పట్టుకోవచ్చు. ఒక్క కుళాయిలోనే సన్నగా వస్తంటే ఆ కుళాయి మూతికి ఉండే జాలీ విప్పండి, మన కనిగిరి, పొదిలి పక్క బోరు నీళ్ళకైతే అందులో తెల్లగా సుద్ద గడ్డలు కట్టి ఉంటాయి. వెనిగర్లోనో నిమ్ముప్పు కలిపిన నీళ్ళలోనో ఒక గంట నానేసి పాత బ్రష్షుతో రుద్దితే పోతది, బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వద్దు, పైన మెరుపంతా ఊడొస్తది. వేడి నీళ్ళొక్కటే సన్నగా వస్తంటే గీజరు దగ్గర చూడండి, ఉప్పు నీళ్ళు వేడెక్కితే ఆ సుద్ద ఇంకా తొందరగా పేరుకుంటది. ట్యాంకు ఖాళీ అయ్యి మళ్ళీ నింపినాకే మొదలైందా? అయితే పైపులో గాలి పట్టింది, అన్నిటికన్నా కిందున్న కుళాయి ఫుల్లుగా తిప్పి కాసేపు వదిలేయండి, మాటిమాటికీ ఇట్టానే అవుతంటే ట్యాంకు పక్కన గాలి బయటికి పోయే ఎయిర్ పైపు ఉందో లేదో చూడాల.

ఇల్లంతా సన్నగా వస్తంటే మాత్రం ట్యాంకు దగ్గరే, బావ వాళ్ళ కథ ఇదే.

(గేట్ వాల్వ్ దగ్గరగా)

ఈ గేట్ వాల్వు చూడండి, చక్రం గిరగిరా తిరగతా ఉంది, లోపల పలక మాత్రం సగం దిగి అక్కడే ఇరుక్కుంది. బయటికి తెరిచినట్టే కనపడతది. తీసేసి బాల్ వాల్వు పెట్టా, పిడి పైపు పొడుగునా ఉంటే తెరిచినట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు, ఇంక అనుమానమే ఉండదు. రెండోది, ట్యాంకు కాడ్నించే అర ఇంచి పైపు దించారు, అన్ని లక్షల గ్రానైటు పరిచి పైపు దగ్గర పొదుపు! సన్న పైపైతే ఫోర్సు వస్తదని మేస్త్రి చెప్పాడంట. గొట్టం మూతి బొటనేలితో నొక్కితే నీళ్ళు దూరం పోతాయి నిజమే, కానీ బకెట్టు తొందరగా నిండదు కదా. అదే ఎత్తుకి ముప్పావు ఇంచి పైపులో అర ఇంచి కన్నా సుమారు రెండున్నర రెట్లు నీళ్ళు పోతాయి. అందుకే దాన్నీ మార్పించా.

పంపు అసలు వద్దని కాదు, అంత షవరే కావాలంటే వేసుకోవాల్సిందే. పక్కన బైపాస్ లైను, అంటే పంపుతో పనిలేకుండా నీళ్ళు పోయే ఇంకో పైపు, దాంట్లో ఎన్ఆర్వీ, అంటే నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే వాల్వు పెట్టించుకోండి, కరెంటు పోయినా మామూలుగా నీళ్ళొస్తాయి. గీజరు ఎన్ని బార్లు తట్టుకుంటదో దాని మీదే రాసుంటది, చూసుకోండి. ఇంకోటి, మున్సిపాలిటీ కుళాయికి నేరుగా మోటారు మాత్రం పెట్టమాకండి, పక్కింటోళ్ళ నీళ్ళు లాక్కోవడం ఒకెత్తు, పైపు ఎక్కడన్నా పగిలుంటే పక్కనున్న మురుగు కూడా లాగుతది, అది మీ సంపులోకే వస్తది.

(మళ్ళీ అదే బకెట్టు)

ఇప్పుడు నిమిషంన్నరకి నిండింది. పళ్ళెం షవరు తీసేసి చిన్నది బిగించా, మా అక్క హ్యాపీ. బావ మాత్రం సీలు తీయని పంపు బాక్సు పట్టుకోని షాపుకి పోయాడు, వాపసు తీసుకోం అన్నారంట.