సున్నాల్లో చెప్పులు: కరోనా రోజుల్లో మనం ఎందుకలా ఉన్నాం?

[తెర మీద: పద్మారావునగర్‌లో ఒక కిరాణా షాపు. ముందు రోడ్డు మీద ఒక చెయ్యి ముగ్గుపిండితో గుండ్రటి సున్నా గీస్తోంది.]

నమస్తే. ఇది మా పేటలోని కిరాణా షాపు. గాంధీ ఆస్పత్రికి ఇక్కణ్ణుంచి నడిచి పోవచ్చు. 2020 మార్చి చివర, లాక్‌డౌన్ పెట్టిన మొదటి వారంలో, ఈ షాపాయన భార్య పొద్దున్నే లేచి, వాకిట్లో ముగ్గేసినట్టే రోడ్డు మీద ఇలా సున్నాలు గీసింది. ఒక్కో సున్నాలో ఒక్కో మనిషి నిలబడాలి.

తొమ్మిదయ్యేసరికి ఎండ చుర్రుమంది. అప్పుడు జనం ఏం చేశారో తెలుసా? చెప్పులు విడిచి సున్నాలో పెట్టారు. పోయి వేపచెట్టు కింద నిలబడ్డారు. చెప్పులేమో రోడ్డు మీద దూరం దూరంగా, మనుషులేమో నీడలో భుజాలు రాసుకుంటూ. లైను కదిలినప్పుడల్లా "అన్నా, నీ చెప్పులు జరుపు" అని ఒకటే కేకలు.

ఆ రోజు నాకు చాలా కోపమొచ్చింది. మనకి బుద్ధి రాదా అనుకున్నా. ఆ తర్వాత ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు ఒక్కొక్కటే చదువుతుంటే, ఆ లైను నాకు వేరేలా కనపడసాగింది. గంటసేపట్లో ఒక్కరు కూడా పక్కవాళ్ళ చెప్పులు తోసి ముందుకు దూరలేదు. లైను తప్పితే నలుగురూ చూస్తారు. వైరస్ ఎవరికీ కనపడదు. కనపడే నియమాన్ని అందరూ పాటించారు, కనపడనిది నీడలో మర్చిపోయారు. మహమ్మారిలో మనుషుల నడవడి గురించి నాకు అర్థమైనదంతా ఈ సున్నాల్లోనే ఉంది.

[తెర మీద: హుస్సేన్‌సాగర్ ఒడ్డు]

కొంచెం వెనక్కి పోదాం. 2020 ఫిబ్రవరి చివర. తెలంగాణలో ఇంకా ఒక్క కేసు కూడా బయటపడలేదు, మొదటిది తేలింది మార్చి 2న. కానీ చికెన్ తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో పుకారు లేచి, కోళ్ళ ధర పడిపోయింది. అప్పుడు హుస్సేన్‌సాగర్ పక్కన స్టేజీ వేసి, మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ జనం ముందు చికెన్ తిన్నారు. ఎందుకంత అవసరమొచ్చింది? ఏమీ కాదు తినండని పేపర్లో ప్రకటన వేస్తే చదివి పక్కన పెడతాం. ఒక మనిషి మన కళ్ళ ముందు లెగ్‌పీస్ కొరికితే అది వేరే సంగతి.

[తెర మీద: సీసీఎంబీ భవనం]

ఇక వైరస్ ఎంత కనపడకుండా తిరిగిందో చూడండి. మన హబ్సిగూడ దగ్గరున్న సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాద్ నగరంలో 30 వార్డుల్లో దాదాపు 9,000 మంది రక్తం పరీక్షించాయి. 2021 మార్చిలో ఫలితం చెప్పారు. 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయి. అంటే సగానికి పైగా జనానికి అప్పటికే వచ్చి పోయింది. నన్ను నిలబెట్టేసింది మాత్రం ఇంకో అంకె. వచ్చిపోయిన వాళ్ళలో 75 శాతానికి పైగా మందికి, తమకు వచ్చిందన్న సంగతే తెలియదు.

మరి అలాంటి రోగాన్ని చూసి జాగ్రత్తపడమంటే ఎట్లా? చూడ్డానికి ఏముందని? పక్కింటివాళ్ళు ఉన్నారు. వాళ్ళు మాస్క్ పెట్టుకుంటే మనమూ పెట్టుకున్నాం, వాళ్ళు దించితే మనమూ దించాం.

ఇది నా ఊహ కాదు. దీన్ని గట్టిగా కొలిచిన పరిశోధన ఒకటుంది, బంగ్లాదేశ్‌లో జరిగింది.

[తెర మీద: బంగ్లాదేశ్ పటం. పల్లెటూరి బజారు బొమ్మ.]

2020 నవంబర్ నుంచి 2021 ఏప్రిల్ దాకా, 600 ఊళ్ళు, 3 లక్షల 40 వేల మందికి పైగా పెద్దవాళ్ళు. సగం ఊళ్ళను మామూలుగా వదిలేశారు. మిగతా సగం ఊళ్ళలో ఇంటింటికీ ఉచితంగా మాస్కులు పంచి, ఎలా పెట్టుకోవాలో చూపించారు. మసీదులో ఇమామ్, ఊళ్ళో పెద్దలు తాము పెట్టుకుని మరీ చెప్పారు. అన్నిటికన్నా ముఖ్యంగా, బజారులో కొంతమంది నిలబడి, మాస్క్ లేకుండా వచ్చిన మనిషిని ఆపి, మర్యాదగా "పెట్టుకోండి" అని అడిగారు. లేకపోతే ఒకటి చేతిలో పెట్టారు. ఇంకొంతమంది అక్కడే ఉండి ఎవరు పెట్టుకున్నారో లెక్క రాసుకున్నారు.

మామూలు ఊళ్ళలో సరిగ్గా మాస్క్ పెట్టుకున్నవాళ్ళు 13 శాతం. ఈ ఊళ్ళలో 42 శాతం. మూడు రెట్లు!

అసలు విశేషం, ఏవి పని చెయ్యలేదో చూసినప్పుడు తెలుస్తుంది. ఫోన్‌కి మెసేజీలు పంపారు, దానివల్ల అదనంగా ఏమీ పెరగలేదు. డబ్బులు ఇస్తామన్నారు, పెరగలేదు. ఇంటి ముందు బోర్డు పెట్టించారు, అదీ అంతే. మీ కోసం పెట్టుకోండి అన్నా, పక్కవాళ్ళ కోసం పెట్టుకోండి అన్నా తేడా లేదు. బజారులో ఎదురుగా నిలబడి అడిగే మనిషి కలిశాకే అంకె బాగా లేచింది. ఆ పల్లెల్లో మాస్క్ ఉంది కదా అని జనం మీద మీద పడతారని కూడా కొందరు భయపడ్డారు. అదీ తప్పే అయింది. దూరం పాటించేవాళ్ళు 24 శాతం నుంచి 29కి పెరిగారు. సర్జికల్ మాస్కులు ఇచ్చిన ఊళ్ళలో, లక్షణాలుండి, రక్తపరీక్షలో కూడా తేలిన కోవిడ్ కేసులు 11 శాతం తగ్గాయి, అరవై దాటినవాళ్ళలో 35 శాతం. గుడ్డ మాస్కుల ఊళ్ళలో తేడా అంత స్పష్టంగా తేలలేదు, అది కూడా చెప్పాలి.

ఇప్పుడు మన దగ్గర చూద్దాం. తెలంగాణలో 2020 మేలో మాస్క్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర పోలీసులు ఆపేవాళ్ళు. అక్కడికి రాగానే గడ్డం కింద ఉన్న మాస్క్ ముక్కు మీదికి ఎక్కేది, సిగ్నల్ దాటగానే దిగేది. హెల్మెట్ సంగతీ ఇంతే కదా. జరిమానా అక్కర్లేదని నేననను. కానీ చలానా రాసే మనిషి కళ్ళ ముందు ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. మా వీధిలో మాస్కులు నిలబడింది మా ఆశా అక్క వల్ల, అంటే మా వీధి ఆశా ఆరోగ్య కార్యకర్త. రోజూ మధ్యాహ్నం ఆక్సీమీటర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. గుమ్మం దగ్గర నిలబడి "ఏం బాబాయ్, మాస్కేది?" అనేది. ఆమె గొంతు వినపడగానే ఇంట్లో అందరం వెతుక్కునేవాళ్ళం. వారం పోయాక ఆమె రాకముందే పెట్టుకోవడం అలవాటైంది.

జనం గుంపులు గుంపులుగా పడ్డ రోజుల్ని "పానిక్" అని టీవీల్లో పదే పదే అన్నారు. దాని మీద నాకు అభ్యంతరం ఉంది. 2021 మే 12న మళ్ళీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు, పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. పగలంతా విడివిడిగా జరిగే కొనుగోళ్ళన్నీ నాలుగు గంటల్లోకి కుక్కితే మెహదీపట్నం రైతుబజారులో రద్దీ కాక ఏమవుతుంది? అది జనం పిచ్చి కాదు, గడియారం లెక్క. 2020 ఏప్రిల్‌లోనే జే వాన్ బావెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నలభై మందికి పైగా పరిశోధకులతో కలిసి ఒక పెద్ద వ్యాసం రాశారు. విపత్తుల్లో జనం నిజంగా బెంబేలెత్తి ఒకళ్ళనొకళ్ళు తొక్కుకోవడం అరుదనీ, ఎక్కువగా సాయమే చేసుకుంటారనీ అందులో చెప్పారు. మేడ్చల్ దారిన ఉత్తరాదికి నడిచిపోతున్న కూలీలకి రోడ్డు పక్కన అన్నం పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళను చూసినవాళ్ళకి ఇది కొత్త మాట కాదు. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకి, వలస కూలీల కోసం వేసిన దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది, సుమారు 1,200 మందితో. అప్పటికి ఐదు వారాలుగా వాళ్ళు దారి కోసం చూస్తూనే ఉన్నారు.

[తెర మీద: మూసి ఉన్న తలుపు. దాని మీద చింపేసిన స్టిక్కర్ మరక.]

పక్కవాళ్ళని చూసి నడవడంలో చీకటి వైపు కూడా ఉంది. అది కూడా ఈ వీధిలోనే చూశాను. హోమ్ క్వారంటైన్ స్టిక్కర్ పడ్డ ఇంటికి పాలు వేసే అబ్బాయి రావడం మానేశాడు. ఆస్పత్రిలో నర్సుగా చేసే ఒకమ్మాయిని ఓనర్లు రాత్రికి రాత్రి గది ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు పిల్లల దుస్తులు, ఒక గ్యాస్ సిలిండర్, మెట్ల మీద. ఇవన్నీ చూసిన మా ఎదురింటాయన జ్వరమొస్తే నాలుగు రోజులు దాచాడు. తలుపుకి స్టిక్కర్ పడితే పరువు పోతుందని. వాళ్ళమ్మకి అంటుకుంది. ఆమె బతికింది, దానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. పై అధికారుల ఆదేశం లేకుండా ఇళ్ళ బయట పోస్టర్లు అంటించొద్దని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2020 డిసెంబర్ వచ్చింది.

దాచడం ఎలా పోతుందో చూపించిన ప్రయోగం పశ్చిమ బెంగాల్‌లో జరిగింది. నోబెల్ అందుకున్న బెంగాలీ ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ మాట్లాడిన చిన్న చిన్న వీడియోల లింకులు దాదాపు రెండున్నర కోట్ల మంది ఫోన్లకి పంపారు. ఆ ఊళ్ళలో ఆశా కార్యకర్తలకి లక్షణాలు చెప్పుకోవడం రెట్టింపైంది. మెసేజ్ అందని ఇరుగుపొరుగు కూడా అలాగే మారారు. బంగ్లాదేశ్‌లో మెసేజీ పని చెయ్యలేదన్నాను కదా, ఇక్కడెందుకు చేసింది? నాకనిపించేది ఇది. ఇక్కడ మాట్లాడింది ఆ నేల మనిషి, వాళ్ళ భాషలో, ముఖం చూపించి.

2022 ఫిబ్రవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 177 దేశాల లెక్కలు వచ్చాయి. మహమ్మారికి ఎవరు ఎంత సిద్ధంగా ఉన్నారని ముందే వేసిన ర్యాంకులకూ, చివరికి ఎంతమందికి సోకిందన్న దానికీ సంబంధం కనపడలేదు. ప్రభుత్వం మీద, సాటి మనుషుల మీద నమ్మకం ఎక్కువున్న దేశాల్లో మాత్రం తక్కువమందికి సోకింది. నమ్మకమే కారణమని ఇంత మాత్రాన తేల్చెయ్యలేం, కానీ నాకు ఆశా అక్క గొంతు గుర్తొచ్చింది.

[తెర మీద: సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి. బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు.]

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు జెనీవాలో మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాయి. మళ్ళీ వస్తే ఏం చెయ్యాలన్నది అందులో ఉంది. మనం మొన్న ఏం చేశామన్నది మనకి గుర్తుండాలి కదా. 1813లో ఇక్కడ పెద్ద అంటురోగం వచ్చిందనీ, ఉజ్జయినిలో ఉన్న లష్కర్ సిపాయిలు అమ్మవారికి మొక్కుకున్నారనీ, తిరిగొచ్చి ఈ గుడి కట్టారనీ చెప్పుకుంటాం. రెండు వందల ఏళ్ళుగా ప్రతి ఆషాఢం ఆ జ్ఞాపకాన్ని తలకెత్తుకుంటున్నాం. 2020లో మాత్రం బోనం ఇంట్లోనే పెట్టుకున్నాం.

ఒక్కొక్కరి జ్ఞాపకం అంత గట్టిది కాదు. 2023 నవంబర్‌లో నేచర్ పత్రికలో 11 దేశాల్లో పది వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం వచ్చింది. అప్పుడు ఎంత భయపడ్డారు, ఎంత జాగ్రత్తగా ఉన్నారు అని అడిగితే, జనం ఇప్పుడేమనుకుంటున్నారో దాన్నిబట్టి గతాన్ని మార్చి చెప్పారు. జ్ఞాపకం ఇలా మోసం చేస్తుందని ముందే హెచ్చరించినా మార్చే చెప్పారు.

నేను మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పేవాణ్ణి, మొదటి కేసు రాగానే మాస్క్ పెట్టానని. ఈ వీడియో కోసం ఫోన్‌లో పాత ఫొటోలు వెతికాను.

[తెర మీద: ఒక గృహప్రవేశం ఫొటో. ముఖాలు మసకగా చేసి ఉన్నాయి.]

మల్కాజిగిరి, 2020 మార్చి రెండో వారం. బంతిలో నలభై మంది. సాంబారు బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నది నేనే. ఒక్క ముఖానికీ మాస్క్ లేదు.

మీరూ ఒక కాగితం తీసుకోండి. ఆ మార్చి నెలలో ఎక్కడున్నారో, ఎవరెవరితో ఉన్నారో, ఎప్పుడు మొదలుపెట్టారో, ఎవర్ని చూసి మొదలుపెట్టారో రాయండి. మొత్తం రాశాకే గ్యాలరీ తెరవండి.