కువైట్‌లో రంజాన్ సాయంత్రం | ఇంటింటికీ నగ్‌సా గిన్నెలు

అందరికీ నమస్తే. ఈ వీడియో మా అమ్మ కోసం. నేను కువైట్ వచ్చి పదేళ్లయింది, ఇక్కడ ఒకరింట్లో డ్రైవర్‌ని. రంజాన్ మొదలైన ప్రతిసారీ ఫోన్ చేసి అదే అడుగుతుంది: "పగలంతా హోటళ్లు మూసేస్తారంట గదా నాయనా, నీకు కూడు యాడ దొరుకుతుంది?"

దొరుకుతుందమ్మా. గేటు పక్కన నా రూములో అన్నం, పప్పు వండుకుని తలుపు వేసుకుని తినేసి వస్తా. బయట మాత్రం కుదరదు. రంజాన్ నెలలో పగటిపూట నలుగురి ముందు తిన్నా, నీళ్లు తాగినా 100 దినార్ల వరకు జరిమానా, లేకపోతే నెల రోజుల దాకా జైలు. రెండూ కూడా వేయొచ్చు. 1968 నుంచీ ఉన్న చట్టం ఇది, ఏ మతం వాళ్లకైనా ఒకటే. 100 దినార్లంటే మన డబ్బుల్లో 28 వేల పైనే. నా నెల జీతం 130 దినార్లు. అందుకే నీళ్ల బాటిల్ డిక్కీలో ఉంటుంది.

ఈ ఏడాది కొంచెం సుఖం. 2015లో నేను దిగినప్పుడు రంజాన్ జూన్ 18న మొదలైంది. ఆ ఎండలో తెల్లవారుజాము నుంచి రాత్రి ఏడు కావచ్చేదాకా చుక్క నీళ్లు లేకుండా ఉండేవాళ్లు. చంద్రుడి లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 2025కి మార్చి 1 దాకా వచ్చింది. ఇప్పుడు ఆరు లోపే ఉపవాసం విడుస్తున్నారు.

సరే, అసలు విషయానికి వస్తా. రంజాన్‌లో నా డ్యూటీ సాయంత్రం నాలుగున్నరకి ఊపందుకుంటుంది. ఇక్కడ 'నగ్‌సా' అని ఒక ఆచారం ఉంది. ఇంట్లో వండినదాంట్లో కొంత తీసి, ఇఫ్తార్‌కి ముందే చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ పంపిస్తారు. దగ్గరి ఇళ్లకి పిల్లలు పరిగెత్తుతారు, దూరం ఇళ్లకి నేను. ఇవాళ మిష్రిఫ్ పేట నుంచి బయాన్ పేటకి నాలుగు ఇళ్లు. సీటు మీద గిన్నెలు కదలకుండా చుట్టూ తువ్వాళ్లు కుక్కాను, చూడండి. ఇది హరీస్. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికించి మెత్తగా మెదుపుతారు. మన హలీంకి దగ్గరి చుట్టం, కానీ మసాలా లేదు, పైన నెయ్యి, దాల్చినచెక్క పొడి, చక్కెర! మొదటిసారి చూసి ముఖం తిప్పుకున్నా, ఇప్పుడు ఏడాదంతా ఎదురుచూస్తా. ఆ డబ్బాలో లుగేమాత్. మన పునుగుల్ని పాకంలో ముంచినట్టు ఉంటాయి.

ఇవన్నీ వండింది మా ఇంట్లో వంట చేసే అక్క, గోదావరి జిల్లా ఆవిడ. ఆమె గురించి చెప్పకుండా ఈ వీడియో పెట్టలేను. కంపెనీల్లో చేసేవాళ్లకి ఈ నెలలో వారానికి 48 గంటలకి బదులు 36 గంటలే పని, చట్టంలోనే ఉంది. ఇళ్లలో చేసేవాళ్లకి అది వర్తించదు. పైగా పని పెరుగుతుంది. ఇఫ్తార్ అయ్యాక రాత్రి పదకొండుకి 'గబ్‌గా' అని ఇంకో విందు, మళ్లీ తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహూర్. నిన్న అక్క పడుకునేసరికి మూడు దాటింది. అలసిపోయి కూడా నాకు ఒక గిన్నె పక్కన పెట్టి ఉంచింది. రంజాన్ భోజనం ఎంత బాగుందో చెప్పేవాళ్లంతా ఆ చేతుల్ని కూడా తలుచుకోవాలి.

మర్చిపోయా, ఇవాళ పదమూడో రోజు కదా, రాత్రికి గర్‌గియాన్ మొదలు. మూడు రాత్రులు పిల్లలు కొత్త బట్టలు వేసుకుని, మెడలో సంచీ తగిలించుకుని, పాటలు పాడుతూ ఇంటింటికీ వెళ్తారు. వాళ్ల సంచుల్లో బాదం, పిస్తా, చాక్లెట్లు పోస్తారు. మన దగ్గర దసరాకి పప్పుబెల్లాల కోసం తిరిగినట్టే. పోయినేడు మా బాబా, అంటే మా యజమాని, వాళ్ల చిన్నోడు తన సంచీలోంచి గుప్పెడు తీసి "ఇది మీ పాపకి" అన్నాడు. కార్గోలో వేస్తే నెల దాటి ఊరు చేరింది. చాక్లెట్లు కరిగి ముద్దయినా పాప ఆ కాగితాలు దాచుకుంది. పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. నేను తనతో కలిసి చేసుకున్న పండుగలు మూడే.

...బండి పక్కకి ఆపాను. మూడిళ్లు అయిపోయాయి, మగ్రిబ్‌కి, అంటే పొద్దుగూకే నమాజ్‌కి, ఇంకా పది నిమిషాలు. రోడ్డు చూడండి, ఇందాక కిక్కిరిసి ఉంది, ఇప్పుడు ఒకటీ అరా తప్ప బండ్లే లేవు. సిగ్నల్ దగ్గర కుర్రాళ్లు డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు కదా, ఆగిన ప్రతి బండికీ ఇస్తారు. ఇఫ్తార్ కోసం ఎవరూ స్పీడుగా పోకూడదని. నాకూ ఇచ్చారు. మూడు ఖర్జూరాలు, నీళ్లు, ఒక మజ్జిగ డబ్బా. పేరు అడగలేదు, ఏ మతమో అడగలేదు. నేను పొద్దున తిన్నవాణ్ణే, అయినా డబ్బా ఒళ్లో పెట్టుకుని అజాన్ కోసమే చూస్తా. ఉపవాసం విడిచే వేళకి కువైట్ సిటీలోని నాయిఫ్ ప్యాలెస్‌లో ఫిరంగి పేలుస్తారు, టీవీలో లైవ్ వస్తుంది. నాకు రేడియోనే.

నాలుగో ఇల్లు ఒక పెద్దావిడది. ఇప్పుడే ఇచ్చి వచ్చా. నిన్నటి గిన్నె తిరిగిస్తూ అందులో ఖర్జూరాలు పోసింది. వీళ్లకి కూడా ఖాళీ గిన్నె పంపే అలవాటు లేదు. తర్వాత లోపలికి వెళ్లి మూత పెట్టిన చిన్న గిన్నె తెచ్చి నా చేతికిచ్చి, "హాదా లక్" అంది. ఇది నీకు అని. ఆ ఇంటికి అయిదేళ్లుగా గిన్నెలు మోస్తున్నా, నా కోసం విడిగా గిన్నె రావడం ఇదే మొదటిసారి.

అజాన్ అయింది. అమ్మా, చూడు, హరీస్. వేడిగా ఉంది, నెయ్యి ఇంకా పేరుకోలేదు.

గిన్నె కడిగి రేపు తిరిగివ్వాలి. నువ్వు పంపిన నువ్వుల ఉండలు ఇంకా ఎనిమిది ఉన్నాయి. అందులో నాలుగు పెడుతున్నా.